ముందు మీరు పెట్టుకోండి

డిగ్రీ అయ్యాక ఇంట్లో కూర్చోబెట్టి పెళ్ళి మాటలెత్తుతున్నారన్న కోపంతో, గుడివాడలో ఓ బట్టల కొట్టు మేడ మీద నడిచే ఎయిర్‌హోస్టెస్ కోర్సులో చేరాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఏ సెంటర్లో చూసినా అవే బోర్డులు. మా సారు జన్మలో విమానం ఎక్కలేదని రెండో వారంలో తెలిసింది. అయినా మానలేదు. మొదలుపెట్టింది వదిలే రకం కాదు నేను.

విమానం ఎలా లేస్తుందో ఆయన బోర్డు మీద గీసి చెప్పారు. రెక్క పైభాగం వంపుగా ఉంటుందట, పైన వెళ్ళే గాలి తొందరగా పరిగెత్తి, కింద వెళ్ళే గాలిని రెక్క చివర్లో కలుసుకుంటుందట.

"ఎందుకు కలుసుకోవాలండీ? ముందే మాట్లాడుకుని బయల్దేరాయా?" అన్నాను.

"అది పరీక్షలో రాదమ్మా, కూర్చో."

చెప్పేవాడికి వినేవాడు లోకువ! ఆ ముక్క నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. బాగా అర్థమైంది ఒక్కటే, ఆక్సిజన్ మాస్కు సంగతి. అసలు గందరగోళమంతా దాంతోనే వచ్చిపడింది.

ప్రాక్టికల్ పరీక్షకి ప్రయాణికుల జాగ్రత్తలన్నీ చేసి చూపించాలి. ముదినేపల్లి దగ్గర మా ఇంట్లో వసారాలో కుర్చీ వేసి, మా మేనత్తని ప్రయాణికురాలిగా కూర్చోబెట్టాను. అత్త నోట్లో నాలుక లేని మనిషి. నేను పుట్టకముందు దివిసీమ ఉప్పెనలో నాలుగేళ్ళ కూతుర్ని పోగొట్టుకుంది. ఆ ఏడాదే అత్తింటివాళ్ళు ఆమెని మా ఇంటికి పంపేశారు. "పిల్లని కింద వదిలేసి తను ముందు డాబా ఎక్కింది" అని వాళ్ళత్తగారు ఊరంతా చెప్పింది. ఆ మాట మాకూ తెలుసు. అత్త ముందు మాత్రం ఎవరూ అనరు.

ఇంత తెలిసీ ఆమె ముందే ఆ పాఠం చదివాను చూడండి, కొరివితో తల గోక్కోవడమంటే అదే. నా బుర్రకి అప్పుడు తట్టనే లేదు. ప్లాస్టిక్ గ్లాసుకి రబ్బరు కట్టి, ముక్కుకి ఆనించుకుని, "ముందు మీరు పెట్టుకోండి, ఆ తర్వాతే మీ పిల్లలకి పెట్టండి" అన్నాను.

అత్త కుర్చీలోంచి లేచింది.

"ఎవడే అది రాసింది? వాడికి పిల్లల్లేరా?"

అయినా నోట్సులో ఉన్నది చెప్పాను. అంత ఎత్తులో లోపలి గాలి బయటికి పోతే, మనిషికి తెలివుండేది అర నిమిషమో, ఇంకా తక్కువో. పిల్లకి పెట్టబోయి పెనుగులాటలో తల్లే స్పృహ తప్పితే ఇద్దరూ పోతారు. తల్లి ముందు పెట్టుకుంటే, పిల్ల సొమ్మసిల్లినా వెంటనే పెట్టి బతికించుకోవచ్చు.

"మళ్ళీ చెప్పవే" అంది. మూడుసార్లు చెప్పించుకుంది. అప్పుడు, నా ఎరుకలో మొదటిసారి, ఉప్పెనొచ్చిన సాయంత్రం సంగతి తనే చెప్పింది. ఆ గాలిలో పిల్లని చంకనేసుకుని నిచ్చెన ఎక్కలేకపోయిందట. పక్కింటి డాబా అరుగు మీద పిల్లని నిలబెట్టి, తను ఎక్కి, వంగి చెయ్యందించిందట. వేళ్ళు తగిలాయట. అంతలో నీళ్ళొచ్చేశాయి.

"అయితే నువ్వు చేసింది కరెక్టే అత్తా!" అని అరిచాను.

"కరెక్టయితే పిల్ల ఉండాలి కదే."

రూలు కరెక్టు, పిల్ల లేదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో ఎంత ఆలోచించినా తెగలేదు. సారుని అడిగితే, "నోట్సులో ఉన్నట్టు చెయ్యమ్మా, నా తల తినకు" అన్నారు.

రెండు రోజుల తర్వాత అత్త చీర మార్చుకుని వచ్చి నిలబడింది. "ఆ పుస్తకం, గ్లాసూ పట్టుకుని రా. మా అత్తగారికి చెబుదువు గాని."

బస్సులు మారి నాగాయలంకలో దిగి, అక్కణ్ణించి ఆటోలో వెళ్ళాం. దారి పొడుగునా మనసులో కత్తులు నూరుకుంటూనే ఉన్నాను. ఇన్నేళ్ళూ మా అత్తని ఆడిపోసుకున్న మనిషిని నాలుగు మాటలూ అని కడిగేయాలని.

ముసలావిడ అరుగు మీద గోడకి జారబడి కూర్చుని ఉంది. చూపు సరిగా ఆనదు. అత్త గొంతు విని, "వచ్చావా" అంది, అంతే. రొయ్యల చెరువుల గాలి కొడుతున్న ఆ వాకిట్లో నిలబడి, గ్లాసు ముక్కుకి పెట్టుకుని, పరీక్షలో కూడా అంత బాగా చెయ్యలేదేమో, మొత్తం చేసి చూపించాను. రూలు చదివాను, కారణం చెప్పాను. "కాబట్టి మా అత్త తప్పేం లేదండీ, ముందెక్కితేనే కదా చెయ్యందించగలిగేది!" అన్నాను.

ముసలావిడ నావైపు తిరిగింది.

"మరి నాకేం రాశారమ్మా అందులో?"

"మీకేవిటండీ?"

"ఇది ఎక్కేసరికే నేను డాబా మీదున్నాను. పిట్టగోడ పట్టుకుని కూచున్నాను. ఇది వంగింది. నేను వంగలేదు. ఇద్దరం చెయ్యేస్తే అందేదే."

నేను నిజంగానే పేజీలు తిప్పాను. ముందు పెట్టేసుకుని, పక్క పిల్లకి పెట్టనివాళ్ళ గురించి అందులో ఏమీ లేదు. అత్త మొహం చూడడానికి ధైర్యం చాల్లేదు. ఇప్పుడు అరుస్తుంది, ఇప్పుడు తిడుతుంది అని ఎదురుచూశాను. తిట్టాలి కూడా!

"భయమేసుంటుందిలెండి అత్తయ్యా" అంది అత్త.

ముసలావిడ తల అడ్డంగా ఊపింది. "పిల్ల ఆఖర్న అమ్మా అన్లేదే. నాయనమ్మా అంది. నన్నే పిలిచింది."

అత్త వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. నేను వాకిట్లో అలాగే నిలబడిపోయాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు.