పెద్దమ్మ రాలేకపోయిన సోమవారం

మా కింది వాటా పెద్దమ్మ పోయిన శుక్రవారం చనిపోయింది. నేను దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగుతుంటే ఆమె కూతురు ఫోన్ చేసింది. "అయిపోయిందక్కా" అంది, అంతే.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. గడ్డిఅన్నారంలో పన్నెండేళ్లు ఒకే ఇంట్లో కిరాయికున్నాం. ఆమెది పోచంపల్లి దగ్గర మగ్గాల ఊరు. ఇక్కడ చీరల దుకాణంలో పని. నా చున్నీ చేతికి దొరికితే మడతలు సరిచేసిగానీ ఇచ్చేది కాదు. ఎట్లున్నవని ఎవరడిగినా "మంచిగనే ఉన్న బిడ్డా" అనేది. కేన్సర్ వచ్చాక కూడా అదే మాట.

నేను ఒక ఆసుపత్రిలో కొత్త మందులను రోగులకిచ్చి పరీక్షించే ట్రయల్స్ చూస్తాను. ఆమెను ట్రయల్‌లో చేర్పించింది నేనే. ఒంట్లో ఎలా ఉందో రోజూ రాయమని డైరీ ఇస్తే, ప్రతి పేజీలో "మంచిగున్న" అని రాసుకొచ్చింది.

"వాంతులైనయి కదా, రాయలేదేంది?" అన్నాను.

"అడిగినోళ్లకు గట్ల చెప్తే ఏం బాగుంటది?"

మందు మాత్రం నిజంగానే పనిచేసింది. గడ్డ తగ్గింది. అన్నం సహించింది. మళ్లీ దుకాణానికి పోయింది.

అప్పుడే ఊళ్లో ఆమె బావగారు పోతే అక్కడికి వెళ్లింది. వాళ్లింటి కోడళ్లు పదకొండో దినం అయ్యేదాకా ఇల్లు విడిచి రారు. ఆసుపత్రికి రావాల్సిన సోమవారం సరిగ్గా ఆ మధ్యలో పడింది. ఒక్క పూట వచ్చి పొమ్మని ఫోన్‌లో బతిమాలాను.

"ఎట్లొస్త బిడ్డా, నలుగురు ఏమంటరు? పన్నెండో నాడు ఒస్త. సారుకు జర చెప్పు."

చెప్పాను. నేనే ఊరికి పోయి రక్తం తీసుకుని, మందు ఇచ్చొస్తానన్నాను. "ప్రోటోకాల్‌లో లేదమ్మా" అన్నారు డాక్టరు గారు. ఆయన చెడ్డవాడేం కాదు. ట్రయల్ నియమాల కాగితంలో నిజంగానే లేదు.

పన్నెండో నాడు ఆమె పరగడుపున వచ్చి వరుసలో కూర్చుంది. గడువు దాటిందని అప్పటికే పేరు తీసేశారు. కారణం రాయాల్సిన చోట "పేషెంట్ రాలేదు" అని రాసింది నేనే. మీకు కాక ఎవరికి చెప్పుకోను? ఆ మందు బయటెక్కడా దొరకదు. గడ్డ మళ్లీ పెరిగింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. చివరి వారం మంచం పక్కన కూర్చుని ఎట్లున్నవని అడిగితే, మొదటిసారి "నొస్తుంది బిడ్డా" అంది.

ఈ నెల మొదలైన కొత్త ట్రయల్‌లో నియమం మారింది. మేమే ఇళ్లకు పోవచ్చు. నిన్న నాదర్‌గుల్‌లో ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాను. "గింత దూరం మీరే ఒచ్చిండ్రా?" అంటూ మంచం మీదే కూర్చుని ఒక చెయ్యి చాపాడు. సూది గుచ్చాను. రెండో చెయ్యి నుదుటి దాకా ఎత్తి నాకు దండం పెట్టాడు. రక్తం గొట్టం నిండేదాకా ఆ చెయ్యి దించలేదు.