ఎర్రగుడ్డ కట్టని జీపు

2007 ఆగస్టు 9, గురువారం. పొద్దున్నే వాకిలి చిమ్ముదామని తలుపు తీస్తే ఎదురుగా మా జీపు నిలబడి ఉంది. పది రోజులుగా వీధి చివర షెడ్డులో ఉన్న బండి అది. తాళం చెవి డ్రైవరు సీటు మీద ఉంది. బానెట్ మీద చెయ్యి పెడితే ఇంకా వెచ్చగానే తగిలింది. ఎవరు తెచ్చి పెట్టారా అని వీధిలోకి చూస్తుండగానే మేస్త్రి మామయ్య వాళ్ళ పెద్దమ్మాయి, నేను అక్కా అని పిలిచే ఆవిడ, కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా వచ్చింది.

"మీ నాన్నగారిని లేపమ్మా. మా అబ్బా పోయారు."

వాళ్ళ నాన్న, అంటే మేస్త్రి మామయ్య, తెల్లవారుజామున నమాజు చేసుకుని, షెడ్డుకు వెళ్ళి, జీపు మా ఇంటి ముందు పెట్టి, నడిచి ఇంటికి వెళ్ళారట. మంచినీళ్ళు అడిగారట. గ్లాసు తెచ్చేలోపు మంచం మీద ఒరిగిపోయారట. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. జీపు గురించి ఆయన ఇంట్లో అన్నది ఒక్కటే మాట: "బండి వాళ్ళ ఇంటి ముందు పెట్టేసి వచ్చాను."

ఇది చదివే మీలో చాలామందికి ఆయన తెలియదు. తెనాలిలో అంగలకుదురు వైపు పోయే రోడ్డుకు దగ్గర్లో రేకుల షెడ్డు వేసుకుని, ముప్పై ఏళ్ళపాటు జీపులూ లారీలూ బాగు చేసిన మనిషి. మాకు చుట్టం కాదు. కానీ మా అమ్మను చెల్లెమ్మా అనేవారు, నాన్న ఆయన్ని బావా అనేవారు. అందుకని నాకు మామయ్య. రంజాన్‌కు సేమ్యా పాయసం ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి, దసరాకు బూరెలు ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి నడిచి వెళ్ళేవి.

ఆయన మా ఇంటికి తరచుగా వచ్చేది కుంకుమ కోసం. వినడానికి వింతగా ఉంటుంది. బండి వెనక ఇరుసులో రెండు పళ్ళ చక్రాలు ఒకదాన్నొకటి కరుచుకుని తిరుగుతాయి. వాటిని బిగించాక పళ్ళు సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూడటానికి మేస్త్రీలు రంగు పూసి తిప్పుతారు. మామయ్య రంగు కొనేవారు కాదు.

"లారీకి పేరంటం ఉంది చెల్లెమ్మా, గుప్పెడు కుంకుమ పెట్టు."

"మా ఇంటికొచ్చే ముత్తయిదువుల కన్నా నీ బళ్ళే ఎక్కువ పెట్టుకుంటున్నాయి అన్నయ్యా" అనేది అమ్మ, నవ్వుతూనే పొట్లం కట్టి.

ఆ కుంకుమను నూనెలో కలిపి పళ్ళకు పూసి, చక్రం తిప్పి, ఎక్కడ చెరిగిందో చూసేవారు. "బొట్టు పంటి మధ్యలో చెరగాలమ్మా. అంచున చెరిగిందా, ఆ పన్ను ఎప్పుడో ఒకప్పుడు విరుగుద్ది. ఎప్పుడనేది మాత్రం మనకి చెప్పదు" అనేవారు. ఇంటర్ నుంచీ నేను నచ్చిన మాటలు నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను. అందులో ఆయన మాటలే ఎక్కువ.

ఇంకో అలవాటు ఉండేది. పని పూర్తి కాని బండి స్టీరింగుకు ఎర్రగుడ్డ కట్టేవారు. పని అయ్యాక తన చేత్తోనే విప్పి చొక్కా జేబులో పెట్టుకునేవారు. ఆ గుడ్డ ఉన్న బండిని ఎవరూ కదపకూడదు. ఒకసారి కొల్లిపర రైతు ఒకాయన తొందరపడి గుడ్డ తనే విప్పేసుకుని, "గుడ్డేగా మేస్త్రీ!" అన్నాడు. మామయ్య గొంతు పెంచలేదు. "గుడ్డ కాదండి. అది నా మాటండి" అన్నారు. ఆ రైతు మళ్ళీ కట్టి, సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చున్నాడు.

ఇక మా జీపు సంగతి చెప్పాలి. నాన్న రేపల్లె అవతల రొయ్యల చెరువులకు మేత చేరవేస్తారు. వాన పడితే చెరువు గట్ల మీద నల్లమట్టి జిగురైపోతుంది. జూన్‌లో బండి రెండుసార్లు దిగబడింది. ఎవరో చెబితే, వేలంలో పోయిన ఒక మిలిటరీ బండి నుంచి విప్పిన పాత లాకు డిఫరెన్షియల్ ఒకటి తెచ్చి షెడ్డులో పెట్టారు.

అదేంటి మామయ్యా అని అడిగితే నాకు ఇలా చెప్పారు: "మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం నడవాలి, లోపలిది తక్కువ. రెండింటికీ సర్దిచెప్పేది డిఫరెన్షియల్. అది మంచిది. కానీ బురదలో ఆ మంచితనమే కొంప ముంచుద్ది. జారే చక్రానికే బలమంతా ధారపోసుద్ది. ఈ లివరు లాగితే లాకు పడి రెండు చక్రాలూ కలిసి నడుస్తయ్. గట్టి రోడ్డు ఎక్కగానే మళ్ళీ వదిలెయ్యాలి. వదలకపోతే బండి మలుపు తిరగనంటది."

నాన్నతో మాత్రం వేరుగా మాట్లాడారు. "ఒకరి బండిలో అరిగింది బావా ఇది. ఎక్కడ అరిగిందో నోరు విప్పి చెప్పదు."

"నువ్వున్నావుగా అడగడానికి" అన్నారు నాన్న.

మూడు రోజులు కూర్చుని బిగించారు. కుంకుమ పంటి నడిమధ్యన చెరిగింది. నేనే చూశాను. పరీక్షకు బాపట్ల సముద్రం ఒడ్డుకు తీసుకువెళదామన్నారు నాన్న. నన్నూ ఎక్కించుకున్నారు. బండిని ఇసుకలో పరీక్షించడం మా వైపు అందరూ చేసే పొరపాటే. మాకు దగ్గర్లో బండికి పరీక్ష పెట్టగల చోటంటే ఆ ఇసుకే. అక్కడ జీపు ఏనుగులా నడిచింది. లివరు లాగితే ఇసుకను తవ్వుకుంటూ ఎక్కింది. లివరు వదిలితే చక్కగా మలుపు తిరిగింది. నాన్న మామయ్య వీపు చరిచారు.

తిరుగు ప్రయాణంలో మేం కాలవ కట్ట మీది తారు రోడ్డు ఎక్కాం. కాలవ నిండుగా ఉంది. ఎడమ మలుపులో నాన్న స్టీరింగు తిప్పారు. బండి తిరగలేదు. టైర్లు కీచుమన్నాయి. ముందు చక్రాలు పక్కకు చూస్తున్నా బండి నేరుగా నీళ్ళ వైపే జరిగింది. నాన్న బ్రేకు తొక్కాక చూస్తే, కుడి చక్రానికీ గట్టు అంచుకూ మధ్య ఒక్క అడుగు ఉంది. లివరు వదిలేసే ఉంది. లాకు మాత్రం వదల్లేదు.

మామయ్య దిగి వెనక చక్రాల దగ్గర వంగి చూశారు.

"ఇసుక మంచిది బావా. జారి సర్దుకుంటది, ఎంత తప్పు చేసినా క్షమిస్తది. తారు రోడ్డు క్షమించదు. మనం మంచోళ్ళ దగ్గరికెళ్ళి సాక్ష్యం అడిగాం."

బండిని తనే మెల్లగా నడుపుకుని షెడ్డుకు తెచ్చి ఎర్రగుడ్డ కట్టారు. పది రోజులు దాన్ని విప్పుతూ, బిగిస్తూ, చెవి ఆనించి వింటూ ఉన్నారు. "పదిసార్లు వదులుతోంది, పదకొండోసారి పట్టుకుంటోంది. ఆ పదకొండోది దొరకాలి" అన్నారు మొన్న సోమవారం. అప్పటికే ఆయన చెయ్యి ఎడమ రొమ్ము మీదే ఉంటోందని ఇప్పుడు గుర్తొస్తోంది. అప్పుడు గ్రీజు తుడుచుకుంటున్నారనుకున్నాను.

మధ్యాహ్నం జనాజా లేచింది. నాన్న పాడెకు భుజం పట్టి వెళ్ళారు. నేను అక్క పక్కన కూర్చున్నాను. ఆయన గోళ్ళలో గ్రీజు నలుపు ఎంత కడిగినా పోలేదని చెప్పి ఏడ్చింది. తర్వాత, పొద్దున ఆయన వేసుకున్న చొక్కా మడతపెడుతూ జేబులోంచి ఎర్రగుడ్డ తీసింది.

"ఇది మీ బండిదేనా చెల్లీ?"

పొద్దున జీపు స్టీరింగుకు గుడ్డ లేదు. పదకొండోది దొరికి, పని పూర్తయి, విప్పి జేబులో పెట్టుకున్నారా? లేక ఒంట్లో బాగాలేక, షెడ్డులో ఉన్న పరాయి బండి ఇంటికి చేర్చి, మా వాకిట్లో మళ్ళీ కట్టాలని జేబులో వేసుకుని, కట్టే ఓపిక లేక వెళ్ళిపోయారా? చెప్పగల మనిషి ఒక్కరే. ఆయన్ని అప్పటికే మోసుకుపోయారు.

సాయంత్రం నాన్న స్నానం చేసి వచ్చి, తల తుడుచుకుంటూ అన్నారు. "రేపు పొద్దున్నే రేపల్లె బయల్దేరాలి. మళ్ళీ వానంటున్నారు. నలుగురు కూలీలకి చెప్పేశాను."

"ఈ జీపులో వద్దు నాన్నా."

"ఏంటే నీ గోల? బావ తెచ్చి వాకిట్లో పెట్టాడంటే పనైనట్టే. ఇరవై ఏళ్ళుగా ఆయన మాట మీదే బండెక్కా."

"ఆయన మాట గుడ్డలో ఉండేది. ఆ గుడ్డ కట్టడానికి తెచ్చారో, విప్పి పెట్టుకున్నారో మనకి తెలీదు. మీతో పాటు వెనకాల నలుగురుంటారు. దారంతా కాలవే."

నాన్న కోప్పడతారనుకున్నాను. అరుగు మీద కూర్చుండిపోయారు. అమ్మ లోపలి నుంచి, "పిల్ల చెప్పేది వినండి. అన్నయ్యుంటే ఆయనా ఇదే అనేవాడు" అంది. వాన మొదలైంది. జీపు తడుస్తూ నిలబడి ఉంది. ఎవరమూ దాని దగ్గరకు వెళ్ళలేదు.

నాన్న దాని వైపు చూస్తూ, "మరెట్టా తెలుసుద్ది?" అన్నారు.

దానికో పరీక్ష ఉంది, లాకున్న పాత బళ్ళకు మామయ్య చేసేది. వెనక చక్రాలు రెండూ గాల్లోకి లేపి, ఇంజన్ ఆపి, బండిని గేరులో ఉంచి, లివరు లాగి వదలాలి. అప్పుడు ఒక చక్రాన్ని చేత్తో తిప్పాలి. రెండోది ఎదురు దిక్కుకు తిరిగితే లాకు వదిలినట్టు. చేతికి బిగుసుకుని కదలనంటే పట్టుకునే ఉన్నట్టు. ఒకసారి చూస్తే చాలదు. వందసార్లు చూద్దామన్నాను. ఒక్కసారి బిగిసినా మేత లారీలో వెళుతుంది, ఇరుసు లోపలున్న ఆ లాకు సామాను బయటకు వస్తుంది. నాన్న తలూపి కూలీలకు ఫోన్ చేసి ఆగమన్నారు.

రేపు ఆరింటికి జాకీలు పెడతాం. కుడి చక్రం నేను తిప్పుతాను. నాన్న ఎడమ చక్రం పక్కన గొంతుక్కూర్చుని, అది ఎటు కదులుతుందో చూస్తారు.