మంగ్లాలో వెనక్కి తిరిగిన మీటరు

మా మేనమామ రైల్వే షెడ్‌లో ఫిట్టరుగా రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి ఊరవతల మంగ్లాలో చిన్న జాగా కొన్నాడు. అప్పటికి మంగ్లా ఇంకా పల్లెటూరే. కొన్ని గేదెలు, పేడతో గ్యాస్ తయారయ్యే గొయ్యి, ఒక పాత ఇంజను పెట్టుకున్నాడు. నేను కరెంటు డిపార్ట్‌మెంట్‌లో జూనియర్ ఇంజనీరుని. మంగ్లా నా సెక్షన్ కిందికే వచ్చేది. ఆ ఒక్క కారణంగా మేమిద్దరం ఏళ్ళ తరబడి అలిసిపోయాం.

ఒక ఆదివారం కబురు పెట్టి పిలిపించాడు. పేడగ్యాస్‌తో నడిచే ఇంజనుకి బెల్టు వేసి ఒక మోటారుని తిప్పుతున్నాడు. అలా తిప్పితే మోటారే కరెంటు పుట్టిస్తుంది. దాని తీగలు ఇంటి కనెక్షన్‌కి కలిపాడు. ఇంజను వేగం పెంచి మీటరు చూడమన్నాడు. లోపలి చక్రం నెమ్మదించి, ఆగి, వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. అలా తిరుగుతుందని చదువుకున్నానే తప్ప కంటితో చూడటం అదే మొదటిసారి. అత్త పాలబిందెతో గుమ్మంలో నిలబడి, మన కరెంటు వాళ్ళకి పోతోందా అని అడిగింది. మావయ్య ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

ఆపెయ్యమని చెప్పాల్సింది నేనే. ఇంట్లో పుట్టిన కరెంటుని లైన్లోకి పంపడానికి రూలంటూ ఏదీ లేదనీ, మా ఆఫీసులో మీటరు వెనక్కి తిరిగిందంటే దొంగతనమనే రాస్తారనీ చెప్పాను.

“దొంగోడు అట్టుకుపోతాడు. నాను ఇస్తన్నాను గదరా అల్లుడూ” అన్నాడు మావయ్య. కోపం లేదు ఆ గొంతులో. “రూలు లేకపోతే ఏటి, రాయించు” అన్నాడు.

రాశాను. పై ఆఫీసు నుంచి జవాబుగా ప్రశ్నలొచ్చేవి. ఆ ఇంజను ఎవరు తనిఖీ చేస్తారు, లైన్లో గొడవొస్తే బాధ్యత ఎవరిది, పెద్ద ఫ్యాక్టరీల్లో ఉండే రక్షణ పరికరాలు అక్కడ ఉన్నాయా అని. ఆ పరికరాలు పెట్టాలంటే మావయ్య పాకలోని గేదెలన్నీ అమ్మినా చాలదు. ప్రతి జవాబూ పట్టుకుని స్కూటర్ మీద మంగ్లా వెళ్ళేవాణ్ణి. ఆయన ఓపిగ్గా విని, మళ్ళీ రాయమనేవాడు. కాలిన ట్రాన్స్‌ఫార్మర్లు, పొలాల మోటార్ల గొడవలు చూసుకుని ఇల్లు చేరేసరికి నాకు పెన్ను పట్టుకునే ఓపిక కూడా ఉండేది కాదు. ఈ తలనొప్పి ఎందుకు పెట్టుకున్నావని మా అధికారి మందలించాడు. ఆదివారం ఎక్కడికని మా ఆవిడ అడగడం మానేసింది.

ఈలోగా మావయ్య ఇంజనుని ఇంటి వరకే వాడుకున్నాడు. కరెంటు పోయినప్పుడు చేత్తో ఒక స్విచ్ కిందికి వేస్తే ఇల్లు లైను నుంచి విడిపోయి ఇంజనుకి కలిసేది. ఒకే సమయంలో రెండూ కలవకుండా జాగ్రత్తగానే కట్టాడు.

ఒక వానాకాలం గాలివానకి వాళ్ళింటి దగ్గర తీగ తెగింది. నేనూ మా లైన్‌మనూ వెళ్ళాం. ఆయన తఖత్‌పూర్ వైపు మనిషి, నాకంటే చాలా పెద్దవాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు తీసేసి స్తంభం ఎక్కాడు. తీగ ముట్టుకునే ముందు అలవాటు ప్రకారం, తీగలో కరెంటేదైనా మిగిలుంటే నేలలోకి దిగిపోయేలా ఎర్తు గొలుసు దాని మీదికి విసిరాడు. చచ్చిపోయి ఉండాల్సిన లైన్లో నిప్పురవ్వలు లేచాయి. అదే క్షణంలో మావయ్య పాకలో ఇంజను గట్టిగా కుదుపిచ్చి ఆగిపోయింది.

తరవాత విప్పి చూస్తే, వాడివాడి అరిగిన స్విచ్‌లో ఒక పక్క కరిగి అతుక్కుపోయి ఉంది. పిడి కిందికి దిగినా లోపల లైను విడిపోలేదు, ఇంజను కరెంటు స్తంభం మీది తీగలోకి పోయింది.

లైన్‌మన్ దిగి తడినేల మీదే కూలబడ్డాడు. ఇంజను ఎందుకాగిందో చూద్దామని బయటికొచ్చిన మావయ్య మమ్మల్నీ, వేలాడుతున్న గొలుసునీ చూశాడు. లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి లైన్‌మన్ పక్కన గొంతుక్కూర్చున్నాడు. నీళ్ళు తాగి లైన్‌మన్ తన ఛత్తీస్‌గఢీలో, ఇవాళ ఇక పైకెక్కలేను సాబ్, ఇంటికి పోతాను అన్నాడు. మావయ్య ఆయన్ని రోడ్డు దాకా దిగబెట్టి వచ్చి, మోటారు తీగలు తనే పీకేశాడు.

“ఆ మడిసికేటైనా అయ్యుంటే నాను బతకలేకపోదును” అన్నాడు నాతో.

నేను చివరిసారి రాశాను. జరిగింది జరిగినట్టు చెప్పి, లైను చచ్చిపోతే దానంతటదే విడిపోయే స్విచ్ ఉండాలనీ, స్తంభం దగ్గర ఇంకో స్విచ్ పెట్టి దాని తాళం లైన్‌మన్ దగ్గరే ఉంచాలనీ, వచ్చే కరెంటుకీ పోయే కరెంటుకీ వేరువేరు మీటర్లు పెట్టాలనీ వివరించాను. అధికారి మొత్తం చదివి, బాగా రాశావన్నాడు. “కానీ ఇది చదివాక ఎవడయ్యా సంతకం పెడతాడు?” అన్నాడు. ఆయన మాట కూడా నిజమే. నాకు వాదించే ఓపిక లేదు. కుర్చీలోంచి లేవడమే కష్టమనిపించింది.

తరవాత నన్ను తఖత్‌పూర్‌కి బదిలీ చేశారు. అత్తకి మోకాళ్ళు పట్టేసి పేడ కలపడం చేతకాలేదు. గేదెలు ఒక్కొక్కటే అమ్ముడైపోయాయి. నీళ్ళు తోడుకోవడానికి ఇంజను కొనుక్కుంటానని కోని అనే ఊరి నుంచి ఒకాయన వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. మావయ్య దాన్ని స్టార్టు చేసి చూపించాడు. ఏ బెల్టు వెయ్యాలో, చలికాలంలో ఎలా బుజ్జగించాలో విడమరిచి చెప్పాడు. ఇంజనుని ఎక్కించుకుని బండి వెళ్ళాక కిరసనాయిలుతో చేతులు రుద్దుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు. మర్నాడు నాకు పొద్దున్నే డ్యూటీ ఉంది. అత్త పెట్టిన అన్నం తిని బస్సుకి బయల్దేరాను.