సమ్మమ్మ కొట్టిన మోట కడెం

మడికొండలో సమ్మమ్మను యాభై ఏళ్లు వచ్చేదాకా ఎవరూ కమ్మరి అనలేదు. కమ్మరి కొమురెల్లి పెండ్లాం అన్నారు. ఊపిరితిత్తులు చెడి కొమురెల్లి సుత్తె వదిలేశాక, పదిహేనేళ్లు కొలిమి పనంతా ఆమే చేసింది. తడిక వెనక నిలబడి ఎడమచేత్తో కొట్టేది. పదునెక్కిన నాగలి కర్రులను కొమురెల్లి బయటికి తెచ్చి రైతులకిచ్చి, మెప్పు తాను పొందేవాడు. లోపల సుత్తె మోగుతుంటే కమ్మరి బయట కూర్చుని దగ్గడం ఊరంతా చూసింది. చూసి ఊరుకుంది. కర్రుకు పదునుంటే చాలు, అది ఎవరి చేతి పదునో ఎవరిక్కావాలి?

1983 ఎండాకాలంలో కొమురెల్లి పోయాడు. తొలి వాన పడగానే, ఇక మీదట కర్రులు ఎవరికివ్వాలో తేల్చడానికి రైతులు కొలిమి ముందు కూర్చున్నారు. వరంగల్ మిల్లులో పదేళ్లు పనిచేసి వచ్చిన మరిది నర్సయ్య కొలిమి తనదేనన్నాడు.

"వదినె తిత్తి ఊదింది, గంతే. తిత్తి ఊదినోళ్లందరు కమ్మరోళ్లయితరా?"

రైతుల పెద్ద పోశయ్య తలూపాడు. సమ్మమ్మ పళ్లు బిగబట్టింది. కొలిమి పోతే ఆమెకు మిగిలేది పరాయి చేలల్లో కూలి.

అప్పుడే వెంకట్రాజం సారు సైకిలు దిగాడు. వరంగల్ సుబేదారిలో ఉంటాడు, ఆదివారమైతే అక్కడి కోట చుట్టూ, వాగుల వెంట పాత ఇనుము ఏరుతూ తిరుగుతాడు. వానకు కోసుకుపోయిన వాగు ఒడ్డున దొరికిందంటూ సంచిలోంచి తుప్పు పట్టిన పెద్ద కడెం ఒకటి తీశాడు. దానికో కొక్కెం.

"కోట తలుపు గొళ్లెం అనుకుంటున్న నర్సయ్యా. ఏ కాలందో జర చూసి చెప్పు."

నర్సయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి, అందరికీ వినపడేలా అన్నాడు. "రాజుల కాలంది సారూ! ఈ అతుకు చూడున్రి, వెంట్రుక దూరే సందు లేదు. ఇసొంటిది కొట్టే మొగోడు ఇప్పుడు లేనే లేడు."

"మొగోడు లేడు, నిజమే," అంది సమ్మమ్మ. "అది నేను కొట్టిన."

రైతులు పగలబడి నవ్వారు. "రాజుల కాలంల పుట్టినవా బిడ్డా?" అన్నాడు పోశయ్య.

"గొళ్లెం కాదు మామా, మోట కడెం. బాయిలకెల్లి నీళ్లు తోడే తోలు బొక్కెన మూతికి ఏసేది. కరెంటు మోటర్లు రాంగనే పారేసిన్రు, అప్పుడే మర్చిపోయిన్రా? ఇగో, లోపల ఒక్కదిక్కే అరిగింది. ఎడ్లు మోకు గుంజి గుంజి అరిగింది. సుత్తె దెబ్బలు చూడు, అన్ని ఎడమకు వాలినయ్. మీ కొమురెల్లి ఏ చేతోడు?"

కొమురెల్లి కుడిచేతివాడని అందరికీ తెలుసు. నవ్వు ఆగింది.

"నోటితోని ఎన్నైనా చెప్పొచ్చు," అన్నాడు నర్సయ్య.

"గందుకే నువ్వు నోరు మూసుకొని తిత్తి ఊదు."

రైతులంతా తన వైపే చూస్తుంటే నర్సయ్య వెళ్లి తిత్తి పట్టక తప్పలేదు. సమ్మమ్మ తడిక పీకి అవతల పడేసింది. కొత్త ఇనుప కడ్డీ ఎర్రబడగానే దాగలి దిమ్మె మీద పెట్టి, అందరి ముందూ ఎడమచేత్తో సుత్తె ఎత్తింది. కడ్డీ కడెంలా వంగింది, అతుకు కలిసింది. నీళ్లలో ముంచి తీసి, పాతదాని పక్కన పెట్టింది. పోశయ్య రెండింటినీ బొటనవేలితో తడిమాడు. దెబ్బలన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి. సారు సంచిలోంచి కాగితం తీసి, 'కోట గొళ్లెం' అని రాసుకున్నది కొట్టేశాడు.

"ఆడిది సుత్తె పడితే ఊరికి అరిష్టం," అన్నాడు నర్సయ్య చివరి ఆశగా.

"పదిహేనేండ్లు నా కర్రుతోనే దున్నిన్రు. అన్నం తినేటప్పుడు రాని అరిష్టం ఇయ్యాల యాడికెల్లి వస్తది?"

పోశయ్య లేచి, తన కర్రును ఆమె కాళ్ల దగ్గర పడేశాడు. "జర పదును పెట్టు. ఎల్లుండి నాగలి కట్టాలె."

సమ్మమ్మ వంగలేదు. "ఇన్నేండ్లు కర్రులు తడిక అవతల ఏసిన్రు. ఇప్పుడు చేతికియ్యి మామా," అంటూ ఎడమచెయ్యి చాపింది.

పెద్దమనిషి ఎడమచేతికి ఇవ్వడమా! పోశయ్య ముఖం మాడింది. సమ్మమ్మ చెయ్యి మార్చలేదు. ముసలాయనే వంగి కర్రు తీసి, ఆ చేతిలోనే పెట్టాడు.