చివరి వరుస మొహాలు

ఆ ఊళ్ళో ఏ సభ జరిగినా ముందు వినబడేది ఆయన గొంతే. "హలో, హలో, వన్, టూ, త్రీ" అంటాడు, అంతే. అంతకు మించి ఒక్క ముక్క మైకులో మాట్లాడిన పాపాన పోలేదు. అందుకే చిన్నాపెద్దా అందరికీ ఆయన హలో బాబాయి. సొంత పేరు ఓటరు కార్డులో తప్ప ఇంకెక్కడా బతికి లేదు. ఆయన భార్యని కూడా జనం హలో పిన్ని అనడం మొదలుపెడితే ఆవిడ మొదట్లో ఏడ్చింది, తరవాత తిట్టింది, చివరికి విసుగొచ్చి పలకడం మొదలుపెట్టింది.

సభ ఏ పార్టీదైనా మైకు సెట్టు మాత్రం బాబాయిదే. పొద్దున ఒక జెండా కింద కట్టిన హారన్ స్పీకర్లే సాయంత్రం దాని బద్ధశత్రువు జెండా కింద కట్టేవాడు. ఎవరైనా ఎగతాళి చేస్తే "మైకుకి పార్టీ ఏమిట్రా" అని నవ్వేసేవాడు. వేదిక మీదే వెనకపక్కగా చిన్న స్టూలు వేసుకుని యాంప్లిఫయర్ ముందు కూచునేవాడు. కాబట్టి నాయకుల మొహాలు జనానికి, వీపులు బాబాయికి. చెమటకి తడిసిన చొక్కాలు, వణికే పిక్కలు, చప్పట్లు రాకపోతే బిగుసుకునే పిడికిళ్ళు, అన్నీ చూశాడు. ఎంత గొప్పవాడైనా వెనకనుంచి చూస్తే అంతంతమాత్రమే సుమండీ!

ఒక్క నర్సమ్మ తప్ప. ఆవిడ ఒకప్పుడు ఆసుపత్రిలో నర్సు. ఊళ్ళో సగం మంది ఆవిడ చేతుల్లో పడి మొదటి కేక పెట్టినవాళ్ళే. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక జనమే లాక్కొచ్చి ఎన్నికల్లో నిలబెట్టారు. అప్పట్నుంచీ మునిసిపల్ చైర్మన్ కుర్చీ ఆవిడదే. ఆవిడకి ఉపన్యాసం ఇవ్వడం రాదు. వేదికెక్కి జనంలోకి చూసి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచేది. మీ అమ్మ మోకాలు ఎలా ఉందనేది, కుళాయి కారడం ఆగిందా అని అడిగేది, తాగుడు మానావా లేదా అని అందరి ముందూ నిలదీసేది. ఇన్ని పేర్లు ఆ చిన్న తలకాయలో ఎక్కడ పెట్టుకుందా అని బాబాయి ప్రతిసారీ నోరు తెరుచుకుని చూసేవాడు.

ఇప్పుడావిడ ఎనభైకి దగ్గర పడింది. ఈసారి ఆవిడకి ఎదురు నిలబడింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ బాబాయి కూతురు! మందుల షాపు నడుపుతుంది. ముప్ఫై కూడా నిండలేదు గాని నోరు విప్పిందంటే నిప్పులే. "ఏళ్ళు మీద పడ్డంత మాత్రాన అనుభవం వచ్చినట్టేనా? పెద్దవాళ్ళని గౌరవిద్దాం, కాదనను. ఇంట్లో కూచోబెట్టి గౌరవిద్దాం!" అని ఆమె అంటే కుర్రకారు ఈలలే ఈలలు. బాబాయి ఆ సభలకీ మైకు పెట్టాడు. కూతురు మాటలకి మురిసిపోతూనే లోపలెక్కడో గుచ్చుకున్నట్టుండేది.

ఇక ఇంట్లో సంగతి చెప్పక్కర్లేదు. "నాన్నా, నీ ఓటెవరికి?" అని కూతురు రోజూ అడిగేది.

"మైకుకి పార్టీ లేదమ్మా."

"నేను అడిగేది మైకుని కాదు, నిన్ను."

బాబాయి కంచంలోకి చూస్తూ కూచునేవాడు. "కన్నకూతురికి ఓటెయ్యడానికి అంత ఆలోచనేమిటండీ, విడ్డూరం కాకపోతే!" అని పిన్ని దెప్పేది. పాపం, ఆ మనిషికి అటు చూస్తే ప్రాణం, ఇటు చూస్తే నమ్మకం.

ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి ఇంకొకటుంది. బాబాయికి చెవులు పోతున్నాయి. జీవితమంతా హారన్ల పక్కన కూచున్నవాడికి పోక ఏమవుతాయి? మరి పనెలా చేస్తున్నాడంటే, చివరి వరుసలో మొహాలు చూసి. గొంతు చాలకపోతే వాళ్ళు మెడలు సాచుతారు. ఎక్కువైతే మొహాలు చిట్లిస్తారు. దాన్నిబట్టి వాల్యూమ్ నాబ్ తిప్పుతాడు. మాట్లాడే మనిషి వెనక్కి జరగ్గానే నాబ్ పూర్తిగా దించేస్తాడు. వేదిక మీద గుసగుసలు జనం చెవిన పడకూడదన్నది ఆయన పెట్టుకున్న మర్యాద. ఇన్నేళ్ళలో అది ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ సాయంత్రం తప్పింది. మార్కెట్ వెనక మైదానంలో నర్సమ్మ ఆఖరి సభ. కాసేపు మాట్లాడి, దాహమేసి, మైకు చేత్తో పట్టుకునే వెనక్కొచ్చి కుర్చీలో కూచుంది. బాబాయి చెయ్యి నాబ్ మీదికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే చివరి వరుసలో కూతురు కనబడింది. చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పోటీ సభకి ఇదెందుకొచ్చింది? లేచి ఏదైనా అడుగుతుందా? గొడవైపోతుందేమో! బాబాయి గుడ్లప్పగించి కూతురినే చూస్తున్నాడు. చెయ్యి నాబ్ మీద అలాగే ఉండిపోయింది.

చూస్తుండగానే కూతురి మొహం పాలిపోయింది. పక్కవాళ్ళ మొహాలూ అంతే. మెడలు సాచడం లేదు, చిట్లించడం లేదు, అందరూ నోళ్ళు తెరిచి కొయ్యబారిపోయారు. అలాంటి చివరి వరుసని బాబాయి ఎన్నడూ చూడలేదు. కిందికి చూస్తే నాబ్ పైనే ఉంది.

ఏం జరిగిందో కుర్చీలు సర్దే మనిషి వచ్చి చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు. నర్సమ్మ పక్కనున్న మేనకోడలిని అడిగిందట, "ముందు వరుసలో ఆ గళ్ళచొక్కా అబ్బాయెవరే? ఒక్కరి పేరూ తట్టట్లేదు, మళ్ళీ చెప్పవే" అని. "ఇందాకే చెప్పాను కదత్తా, నిన్న కూడా చెప్పాను" అందట మేనకోడలు. హారన్లన్నీ ఆ రెండు ముక్కల్నీ మైదానమంతా వినిపించాయి. ఆ గళ్ళచొక్కా మనిషి మొదటి ఎన్నిక నుంచీ నర్సమ్మకి కుడిభుజం.

జనం ఒక్కసారి భగ్గుమన్నారు. కావాలనే చేశాడన్నారు. కూతురు గెలవాలని పెద్దావిడ పరువు బజారుకీడ్చాడన్నారు. గళ్ళచొక్కా మనిషే ఎగిరొచ్చి బాబాయి కాలరు పట్టుకున్నాడు. బాబాయి ఏమని చెబుతాడు? చెవిటివాడు మైకు సెట్టు నడుపుతున్నాడని చెప్పాలా? జీవితమంతా కూడబెట్టుకున్న పేరు కళ్ళముందే మట్టికొట్టుకుపోతోంది. నర్సమ్మ ఒక్క మాటంటే చాలు. "తమాషాకి అన్నాను, ఇది హలో బాబాయి కుట్ర" అంటే ఊరంతా నమ్మేస్తుంది. ఎన్నికా ఆవిడ చేతిలోకి వచ్చేస్తుంది.

నర్సమ్మ లేచింది. బాబాయి కాలరు విడిపించుకోలేదు గాని, చెయ్యి చాచి నాబ్ ఇంకా పైకి తిప్పాడు. ఆవిడ తనని ఏం చేయబోతోందో తన చెవులతో తనే వినాలి.

"ముందాయన కాలరు వదలండి" అంది నర్సమ్మ. "మైకు అబద్ధమేం చెప్పలేదు. నాకు పేర్లు పోతున్నాయి. కొన్నాళ్ళుగా పోతున్నాయి. గెలిచాక నెమ్మదిగా చెబుదాంలే అనుకున్నా. అది తప్పు. ఓటడిగే మనిషి దాచాల్సిన సంగతి కాదిది."

గళ్ళచొక్కా మనిషి వైపు తిరిగింది. "నాయనా, నీ పేరు ఇప్పటికీ తట్టట్లేదు. వరదొచ్చిన ఏడు మీ అమ్మని వీపున మోసుకుని ఆసుపత్రి మెట్లెక్కావు, అది బాగా గుర్తుంది. మీ సందులో మురుగు ఇంకా వెనక్కే తంతోంది, అదీ గుర్తుంది. అది నా చేతగానితనం. పేర్లు మరిచిపోయే మనిషి మీకు పనికొస్తుందా లేదా, మీరే ఆలోచించుకోండి. నాకే వెయ్యమని ఇప్పటికీ అడుగుతున్నాను. అన్నీ తెలిసే వెయ్యండి."

చప్పట్లు లేవు, ఈలలు లేవు. గళ్ళచొక్కా మనిషి కళ్ళు తుడుచుకుంటూ బాబాయి చొక్కా సర్దాడు. తప్పు దొర్లగానే ఎవరి నెత్తిన రుద్దుదామా అని చుట్టూ చూసే వీపుల్ని ఎన్నింటిని చూశాడు! ఈవిడ అటూ ఇటూ చూడనైనా చూడలేదు. పేర్లన్నీ గుర్తుండటమే ఆవిడ గొప్పతనమని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఆ పేర్లు పోయాక ఆ మనిషిలో ఇంత మిగిలి ఉంటుందని కలలో కూడా అనుకోలేదు. ఎన్నేళ్ళు బతికితే, ఎంతమంది పుట్టుకలూ చావులూ చేతుల మీదుగా జరిగితే ఒక మనిషి ఇలా తయారవుతుంది? అమ్మో అనుకున్నాడు. దండం పెడదామన్నా చేతులు లేవలేదు.

ఇంటికొచ్చి వరండాలో వైర్లు చుడుతుంటే కూతురు వచ్చి పక్కన కూచుంది. ఏదో అంది.

"ఇటు, ఎడమ పక్కకి రామ్మా. కుడి చెవి పూర్తిగా పోయింది."

"ఎప్పట్నించి నాన్నా?"

"చాలా రోజులైంది. చెబితే పని మాన్పించేస్తారని చెప్పలేదు. ఇవాళ తప్పు నాదే."

ఆమె లేచి ఎడమ పక్కకి వచ్చి కూచుంది. వైరు కొస ఒకటి తీసుకుని చుట్టడం మొదలుపెట్టింది. తరవాత తల ఎత్తకుండానే అంది, "ఆవిడేం చెబుతుందో విందామని వచ్చాను. ఆవిడ స్థానంలో నేనుంటే నీ మీదకే తోసేసేదాన్ని. నాన్నవని కూడా చూసేదాన్ని కాదు. అక్కడ నిలబడి నేనేం చేసేదాన్నా అని ఆలోచించాను. మొదట తట్టింది అదే."

కన్నబిడ్డ తోసేసేదాన్నంటోంది, ఏమీ కాని మనిషి కాపాడింది. కోపం రావాలి నిజానికి. రాలేదు. ఇంత పచ్చి నిజం తన మొహం మీద చెప్పడానికి దీనికెంత గుండె ఉండాలి అనిపించింది.

"నా ఓటు నర్సమ్మకే తల్లీ" అన్నాడు.

"తెలుసు."

"వచ్చే ఎన్నికల్లో నీకే."

"అప్పటికి నువ్వుండొద్దూ?" అని ఎప్పటిలాగే వెటకారం ఆడబోయింది గాని, మాట సగంలోనే వణికింది.

"ఉంటానమ్మా. నీకు ఓటెయ్యడానికైనా ఉంటాను."