కృపారావు కప్పిన గాజుపలక

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపాన్ని అందరికన్నా ఎక్కువ భరించినవాడు మా విజయనగరం కాలేజీ లేబరేటరీ అటెండరు కృపారావు. ఆమదాలవలస మనిషి. పాతికేళ్లు తాపీపని చేసి, పరంజా మీంచి పడి కాలు దెబ్బతిన్నాక ఈ ఉద్యోగంలో చేరాడు. రోజూ పొద్దున్నే పాసింజరు బండి దిగి, కుంటుకుంటూ వచ్చి, "సుహాసినమ్మా, టీ తాగీసేరా?" అంటూ గది తలుపు తీసేవాడు. ఆయనకు ఏ పూటా దిగులుండేది కాదు. నాకు అదీ చిరాకే.

2016 నాటికి మూడేళ్లుగా నాది ఒకటే పని. కంటికి ఆనని ప్లాస్టిక్ గోళీలు కలిపిన రంగునీటిని గాజుపలక మీద చుక్కగా వేస్తాం. నీరు ఆరేకొద్దీ ఆ గోళీలు ఎవరూ పేర్చకుండానే వరసల్లో సర్దుకుంటాయి. వరస కుదిరితే, దాని మీద వెలుగు కొట్టినప్పుడు ఇసుక రేణువంత చోటులోంచి లేజరు వస్తుంది. నాకు మాత్రం ప్రతిసారీ పొర బీటలు వారేది. చివరికి ఒక్క పలకకు సరిపడా రంగునీరే మిగిలింది. అదీ పాడైతే నా పీహెచ్‌డీ అటకెక్కినట్టే.

ఆ చుక్క వేసి, పలకను ఫ్యాను కింద పెట్టి భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఫ్యాను ఆపేసి ఉంది. పలక మీద గిన్నె బోర్లించి, చుట్టూ తడిగుడ్డ చుట్టి ఉంది.

"ఎవరు చేశారిది?" అని అరిచాను.

"నానే అమ్మా," అన్నాడు కృపారావు, దాచకుండా. "జోరుగా ఎండిపోతన్నాది గదా అని కప్పీసినాను. గాలి తగిల్తే బీటలిస్తాది."

"ఇదేమన్నా స్లాబనుకున్నారా? మూడేళ్ల పని మంటగలిపేశారు! ఇంక నా గదిలోకి రావద్దు."

ఆయన చీపురు మూలన పెట్టి వెళ్లిపోయాడు.

ఎలాగూ పోయిందనుకుని మర్నాటి దాకా దాన్ని ముట్టుకోలేదు. మర్నాడు గిన్నె ఎత్తితే ఒక్క బీట లేదు. వెలుగు కొట్టాను. కంప్యూటరు తెర మీద సూదిలా ఒకే ఒక్క గీత లేచింది. లేజరు! సంతోషంతో ఏడ్చేశాను. ఆ వెంటనే ఆయన్ని అన్న మాటలు గుర్తొచ్చి సిగ్గేసింది.

వరండాలో ఉన్న ఆయన దగ్గరికి పరుగెత్తాను. "బాబాయ్, తప్పు నాది. పని నిలబెట్టింది మీరు."

"పగల్లేదు గదా? ఇంకేటి మరి!" అని నవ్వి, చీపురు కోసం లోపలికి నడిచాడు.

పరిశోధన వ్యాసం రాశాక, కృపారావుకు చివర్న కృతజ్ఞతలు చెబితే చాలన్నారు మా గైడు. మొదటిసారి నా కోపం మంచి పనికొచ్చింది. పట్టుపట్టి, రచయితల వరసలో నా పేరు పక్కనే ఆయన పేరు వేయించాను. అచ్చయిన కాగితం చేతికిస్తే ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నాడు.

"ఇది నా పేరేనా అమ్మా?"

"మీదే బాబాయ్."

"మా చర్చి స్లాబు నానే ఏసినాను. గోడ మీద రాయిలో పదిమంది పేర్లున్నాయి. నాది నేదు," అన్నాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, "ఇంకోటి ఇయ్యండమ్మా. ఇది మా అమ్మాయి రూబీకి సూపిస్తే మళ్లీ నా సేతికి ఇవ్వదు," అన్నాడు.