బతుకమ్మ పాటకు యజమాని

జిల్లా పౌర సంబంధాల అధికారిణిగా నా చివరి పోస్టింగు వరంగల్. రిటైర్మెంటుకు ఏడాది ముందు, సరిగ్గా బతుకమ్మ సెలవుల్లో, ఒక ప్రజాభిప్రాయ సేకరణ సభ నా నెత్తిన పడింది. ఇంటర్నెట్‌లో కాపీరైటును కాపాడే ముసాయిదా చట్టం ఒకటి తయారవుతోందని, దాని మీద జనం మాట వినడానికి రాజధాని నుంచి కమిటీ వస్తోందని ఉత్తర్వు. సెలవుల్లో ఎందుకంటే ఆడిటోరియం ఖాళీగా దొరుకుతుందట. పండగపూట కుర్చీలు కూడా ఖాళీగానే ఉంటాయన్న సంగతి ఆ ఉత్తర్వు రాసిన మహానుభావుడికి తట్టలేదు.

డీపీఆర్వో అంటే మంత్రుల వెనకాల నిలబడి ఫొటోలు తీయించే మనిషని చాలామంది అనుకుంటారు. అదీ ఉంది, కాదనను. కానీ ఇలాంటి సభలకు పత్రికా ప్రకటన, ఇంటర్నెట్‌లోని జిల్లా పేజీలో లైవు ప్రసారం, చివర్లో మినిట్స్, అంటే ఎవరేమన్నారో రాసే అధికారిక నివేదిక, ఇవన్నీ మా బాధ్యతే. పత్రికా ప్రకటన ఎప్పుడూ ముందురోజే తయారవుతుంది. "ముసాయిదాకు ప్రజల నుంచి విశేష స్పందన" అని రాసి పెట్టేశాం. ఇక ఆ స్పందన రావడమే మిగిలింది.

ముసాయిదాలో ఉన్నది ఇదీ: ఏ కంపెనీ అయినా "ఈ పాట మాది" అని ఫిర్యాదు చేస్తే వీడియోను ముందు తీసేస్తారు, విచారణ తర్వాత చేస్తారు. మూడు ఫిర్యాదులొస్తే ఛానెలే ఎత్తేస్తారు. వెబ్‌సైట్లు అప్పటికే సొంతంగా చేస్తున్న పనే ఇది. దానికి రాజముద్ర వేద్దామని సర్కారు సరదా.

సభకు వారం ముందు నెక్కొండ నుంచి రాజవ్వ అనే ఆవిడ నా ఆఫీసుకు వచ్చింది. కూలికి పత్తి ఏరే మనిషి. చనిపోయిన తన తల్లి పాడిన బతుకమ్మ పాటలను ఎప్పుడో ఫోనులో తీసి ఇంటర్నెట్‌లో తన ఛానెల్లో పెట్టుకుంది. ఆ తర్వాత ఆ ఫోను పాడైపోయింది. ఛానెల్లో ఉన్న పాటల్లో రెండు తమవేనని ఒక పాటల కంపెనీ ఫిర్యాదు చేసింది. ఆ గొడవ తేలేదాకా మిగతావి దింపి దాచుకోవడానికి కూడా వీల్లేదట.

"ఇంకొక్కటి ఒస్తే మొత్తం పోతదట మేడం. మా అమ్మ గొంతు ఇంకేడ లేదు. గదొక్కటే ఫికరు," అంది.

ఈ మాట సభలో చెప్పమని, కమిటీ వచ్చేది ఇలాంటివి వినడానికేనని చెప్పాను. అప్పటికి నేను నిజంగానే అలా అనుకున్నాను.

మాట్లాడతామని పేరిచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఖాళీ హాలు ఫొటోలో పడితే కొంప మునుగుతుంది. దీనికి సర్కారు దగ్గర పాత మందు ఒకటుంది, మహిళా సంఘాలు. మండలానికి ఇంతమందిని తేవాలని పైనుంచి ఫోన్లు వెళ్లాయి. పండగ వదిలి ఎవరొస్తారు? అందుకని వేదిక ముందే బతుకమ్మ ఆడుకోవచ్చని, లైవులో కనిపిస్తారని ఆశ చూపించారు. బస్సులు పెట్టి మరీ వ్యతిరేకతను హాల్లోకి తోలుకొచ్చుకున్న ఘనత మాదే.

తంగేడు, గునుగు పూల బతుకమ్మలతో హాలు నిండిపోయింది. కమిటీ చైర్మన్ గారి స్వాగతోపన్యాసం అయ్యాక ఆడవాళ్లు చప్పట్లు చరుస్తూ వలయంగా తిరిగారు. రాజవ్వ పాట ఎత్తుకుంది, మిగతావాళ్లు అందుకున్నారు. నాలుగు చరణాలు కాకముందే వేదిక వెనక లైవు చూపిస్తున్న పెద్ద తెర నల్లబడింది. కాపీరైటు ఫిర్యాదు వల్ల ఈ ప్రసారం ఆపేశామని దాని మీద అక్షరాలు.

చైర్మన్ గారు అగ్గి మీద గుగ్గిలమయ్యారు. ఆపిందెవరని నన్ను గద్దించారు. మనిషెవరూ ఆపలేదని, పాటల కంపెనీ పెట్టుకున్న యంత్రం తన దగ్గరున్న పాటతో దీన్ని పోల్చుకుని తానే ఫిర్యాదు చేసిందని వివరించాను. "ఇది ప్రభుత్వ కార్యక్రమం కదా!" అన్నారాయన. పాపం, యంత్రానికి ప్రోటోకాల్ ఎవరూ నేర్పలేదు.

రాజవ్వ మైకు అందుకుంది. "ఇప్పుడు ఎర్కయిందా సారూ? మాకు జేస్తే కానూను, మీకు జేస్తే జులుమా?"

హాలంతా గొల్లున నవ్వింది. చైర్మన్ గారు సర్దుకుని, పాట రాసిందెవరో చెబితే నమోదు చేసుకుంటామని సెలవిచ్చారు.

"రాసుడేంది సారూ? మా అమ్మకు వాళ్లమ్మ నేర్పింది. ఆమెకు ఎవలు నేర్పిన్రో నువ్వే పోయి అడుగు."

ఆ తర్వాత పాట మారింది. బతుకమ్మ పాటకు ఆ వెసులుబాటుంది. ఆ క్షణాన ఏది తోస్తే దాన్ని ఉయ్యాలో అని పాడేస్తారు.

"అమ్మ నేర్పిన పాట ఉయ్యాలో
అమ్ముకున్నదెవరె ఉయ్యాలో
పూలకూ పట్టాలు ఉయ్యాలో
పుట్టించినారమ్మ ఉయ్యాలో"

చైర్మన్ గారు పక్కగదిలోకి వెళ్లి ఎవరికో ఫోన్ చేశారు. టీలు పూర్తికాకముందే లైవు తిరిగొచ్చింది. రాజవ్వ ఆయనకు ఎదురెళ్లింది. "మీది ఒచ్చింది గద సారూ. గదే ఫోన్ల మాది గూడ జర చెప్పున్రి," అని అడిగింది. అది ప్రైవేటు వ్యవహారమని, ఆన్‌లైన్ ఫారం నింపుకోవాలని చెప్పి ఆయన కారెక్కారు. నాకు ఒళ్లు మండిపోయింది.

లైవును సంఘాల వాళ్లంతా షేర్ చేయాలని సభకు ముందే మా కలెక్టరేటు నుంచే మెసేజి వెళ్లింది. రాజవ్వ బుద్ధిగా తన ఛానెల్లో పెట్టింది. జిల్లా పేజీ మీద ఫిర్యాదు ఫోనుతో ఎగిరిపోయింది. ఆమె మీద అదే మూడోదిగా లెక్కకొచ్చి ఛానెలే పోయింది.

మర్నాడు ఆఫీసుకు వచ్చిన ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఫారం నేనే నింపాను. మొదటి గడిలో రచయిత పేరు అడిగింది. జానపదం అని రాస్తే ఒప్పుకోలేదు. సంప్రదాయం అన్నా ఒప్పుకోలేదు. తల్లి పేరు రాస్తే హక్కు పత్రం పెట్టమంది. రాజవ్వ "ఇడ్సిపెట్టున్రి మేడం, మీరు మాత్రం ఏం జేస్తరు," అని కొంగుతో కళ్లు తుడుచుకుని రైలుకు టైమైందని లేచింది.

మినిట్స్‌లో అభ్యంతరాలు లేవని, పాటను సాంస్కృతిక కార్యక్రమంగా చూపమని మౌఖికంగా ఆదేశాలొచ్చాయి. నోటితో చెప్పిన అభిప్రాయాన్ని ఉన్నదున్నట్టు రాయాలని నిబంధన. పాటలోని మాటలనూ అలాగే రాశాను. ప్రతి వాక్యం చివర ఈ ఉయ్యాలో ఏమిటని పైనుంచి వివరణ అడిగారు. వక్తలు అలాగే అన్నారని జవాబిచ్చాను. ముసాయిదా ఇంకా పరిశీలనలోనే ఉందని విన్నాను.

ఆ సభ నాకు నేర్పిందొకటే. చట్టం ఎవరిదో దాని పీఠిక చదివితే తెలియదు. పొరపాటు జరిగినప్పుడు ఎవరికి ఫోను పనిచేస్తుందో, ఎవరికి ఫారం మిగులుతుందో చూస్తే తెలుస్తుంది. చైర్మన్ గారి స్వాగతోపన్యాసం ఇప్పటికీ జిల్లా పేజీలో వినొచ్చు. రాజవ్వ తల్లి గొంతు ఎక్కడా వినలేం.